ఇల్లు శుభ్రంగా ఉంచడానికి నాలుగు దారులు: మీ ఇంటికి ఏది సరిపోతుంది?

ఇల్లు శుభ్రానికి చిట్కాల కరువేమీ లేదు. నిమ్మచెక్కతో ఒకటి, వంటసోడాతో ఇంకొకటి రోజూ ఫోన్‌లోకి వచ్చి పడుతూనే ఉంటాయి. అయినా సోఫా మీద ఉతికిన బట్టల కుప్ప అలాగే ఉంటుంది, సింకులో అంట్లూ అలాగే ఉంటాయి. ఆ పని ఎవరిది, ఏ వేళకి చేయాలి అన్నది ఇంట్లో తేలకపోతే ఎన్ని చిట్కాలు తెలిసినా ఇంతే.

మన ఇళ్లలో నడిచే పద్ధతులు స్థూలంగా నాలుగు: రోజూ కొంచెం కొంచెం చేసుకోవడం, వారమంతా ఓపిక పట్టి ఆదివారం మొత్తం దులిపేయడం, పనిమనిషిని పెట్టుకోవడం, యంత్రాలు కొనుక్కోవడం. ఏ ఇంట్లోనూ వీటిలో ఒక్కటే నడవదు, రెండు మూడు కలుస్తాయి. కానీ ఏదో ఒకదాన్ని ముఖ్యంగా పెట్టుకుని, మిగతావాటిని దానికి సాయంగా వాడుకుంటేనే గొడవ తగ్గుతుంది. ఆ ఒక్కటి ఏదో తేల్చుకోవడానికే ఈ పోలిక.

## ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

సర్దడం వేరు, శుభ్రం చేయడం వేరు. నేల తుడవడం, బాత్‌రూమ్ కడగడం, అంట్లు తోమడం శుభ్రం కిందికి వస్తాయి. వీటిని డబ్బిచ్చి చేయించుకోవచ్చు, కొంతవరకు యంత్రానికీ వదిలేయొచ్చు. సర్దడం అలా కాదు. పిల్లాడి స్కూల్ డైరీ ఎక్కడ పెట్టాలో, కరెంటు బిల్లు దాచాలో పారేయాలో బయటివాళ్లకి తెలియదు. డబ్బు పెట్టినా ఇల్లు బాగుపడలేదని బాధపడే చాలామంది, శుభ్రం చేయించుకుని సర్దుడు కూడా అయిపోతుందని ఆశపడ్డవాళ్లే.

చేతులెన్ని? ఇంట్లో ఉన్న మనుషుల లెక్క కాదిది, పని చేసే చేతుల లెక్క. నలుగురున్న ఇంట్లో ఒక్కరే చేస్తుంటే అది ఒక్కరి ఇల్లు కిందే లెక్క.

నేల ఏమిటి? దీన్ని ఎవరూ పట్టించుకోరు, కానీ చాలా తేడా వస్తుంది. తాండూరు బండలు, బేతంచెర్ల నాపరాళ్లు, పాలరాయి అన్నీ సున్నపు జాతి రాళ్లే. నిమ్మరసం, వెనిగర్, యాసిడ్ ఏది తగిలినా వాటి మెరుపు పోయి మచ్చ పడుతుంది, మళ్లీ పాలిష్ పట్టిస్తే తప్ప పోదు. పాత ఇళ్లలోని మొజాయిక్ గచ్చులోనూ పాలరాతి ముక్కలే ఉంటాయి కాబట్టి దానికీ ఇదే జాగ్రత్త. విట్రిఫైడ్ టైల్స్ కొంత తట్టుకుంటాయి, మురికి మాత్రం వాటి మధ్య సందుల్లో చేరుతుంది. బోరు నీళ్ల వల్ల కుళాయిల మీద పేరుకునే తెల్లటి పొరకి వెనిగర్ మంచి మందే. అది కారి కింద పాలరాయి మీద పడకుండా చూసుకోవాలి, అంతే.

దుమ్మెంత? మెయిన్ రోడ్డు పక్కన కింది అంతస్తుకి, పక్కనే అపార్ట్‌మెంట్ కడుతున్న వీధికి వారానికోసారి ఊడ్పు సరిపోదు. ఎనిమిదో అంతస్తులో ఇద్దరే ఉంటే రోజు విడిచి రోజు ఊడ్చినా నడుస్తుంది.

పద్ధతి తప్పిన రోజు ఏమవుతుంది? నా మట్టుకు అన్నిటికన్నా పెద్ద పరీక్ష ఇదే. జ్వరం వచ్చిన రోజు, పనిమనిషి రాని రోజు, ఊరెళ్లి అర్ధరాత్రి తిరిగొచ్చిన రోజు మీ పద్ధతి ఎంత దూరం దెబ్బతింటుంది? ఒక్క రోజు తప్పితే వారం దాకా కోలుకోలేనిదైతే, ఆ పద్ధతి మీకు పడదు.

| చూడాల్సింది | రోజూ కొంచెం | ఆదివారం మొత్తం | పనిమనిషి | యంత్రాలు |
|---|---|---|---|---|
| పట్టే సమయం | రోజూ అరగంట, ముప్పావుగంట | సెలవులో సగం పూట | ఆమె వచ్చే వేళకి ఒకరు ఇంట్లో ఉండాలి | తక్కువే, కానీ వాటినీ కడగాలి |
| ఖర్చు | దాదాపు లేదు | దాదాపు లేదు | నెలనెలా | మొదట్లో పెద్ద మొత్తం, తర్వాత రిపేర్లు |
| సర్దుడు అవుతుందా | అవుతుంది | అవుతుంది, మంగళవారానికి చెదిరిపోతుంది | కాదు | కాదు, ముందే సర్ది ఉండాలి |
| వంటగది | చాలా బాగుంటుంది | కుదరదు | బాగుంటుంది | డిష్‌వాషర్ ఉంటే సగం |
| బూజు, ఫ్యాన్లు, అటకలు | మిగిలిపోతాయి | బాగా అవుతాయి | విడిగా మాట్లాడుకోవాలి | కావు |
| తప్పిన రోజు | మర్నాడు సరిపోతుంది | రెండు వారాల మురికి | ఆ రోజంతా తలకిందులు | కరెంటు, రిపేరు మీద ఆధారం |

## రోజూ కొంచెం కొంచెం

ఇది పాతకాలపు పద్ధతి, ఇప్పటికీ గట్టిది. గంట కొట్టినట్టు టైం పెట్టుకుంటే నిలవదు. ఎలాగూ జరిగే పనులకి దీన్ని తగిలించాలి. పాలు కాగేలోపు నిన్న ఆరిన గిన్నెలు గూట్లోకి వెళ్లాలి. కుక్కర్ విజిల్స్ వచ్చేలోపు ప్లాట్‌ఫారం తుడుపు అయిపోవాలి. దీపాలు పెట్టాక ఊడవకూడదని పెద్దవాళ్లు అంటారు కదా, ఆ మాటని నమ్మినా నమ్మకపోయినా టైంటేబుల్‌గా వాడుకోవచ్చు. దీపం పెట్టే ముందు హాలు ఒకసారి ఊడిస్తే పిల్లల పెన్సిల్ చెక్కు, మధ్యాహ్నపు మురుకుల పొడి అప్పటికే బయటికి పోతాయి.

రోజంతటిలో ఒక్క పనే చేసే ఓపిక ఉంటే రాత్రి వంటగది చేయండి. పద్ధతిగా చేస్తే పావుగంట పని. ముందు ఎండిపోయేవాటిలో నీళ్లు పోయాలి: అన్నం గిన్నె, పెరుగు గిన్నె, పాల గిన్నె. పాల గిన్నెలో చన్నీళ్లే పోయండి, వేడినీళ్లు పోస్తే అడుగున ఉన్నది ఇంకా అతుక్కుంటుంది. అవి నానేలోపు స్టవ్ మీది స్టాండ్లు తీసి, కింద కారిన పులుసు, చిట్లిన పోపు గింజలు తుడిచేయాలి. మర్నాటికి అదే గట్టిపడి గీకితే గానీ రాదు. తర్వాత అంట్లు. చివరికి సింకు జాలీలో చిక్కుకున్న మెతుకులు, కరివేపాకు తీసి తడి చెత్తలో వేసి, సింకుని పొడిగా తుడిచి, ఆ గుడ్డని పిండి ఆరేయాలి. ముద్ద చేసి మూలన పెట్టిన తడిగుడ్డే పొద్దున్నకి వంటిల్లంతా కంపు కొట్టిస్తుంది. బొద్దింకలు రాత్రి తిండికి ఎంత వస్తాయో నీళ్లకీ అంతే వస్తాయి, కాబట్టి పొడి సింకుకి మందు కొట్టినంత పని ఉంది.

అంట్లు రాత్రి తోమాలా, పొద్దున్నా అన్నది చాలా ఇళ్లలో నిత్యం నడిచే వాదనే. పొద్దున్నే పనిమనిషి వచ్చే ఇల్లయితే తోమక్కర్లేదు, మెతుకులు దులిపి నీళ్లతో తొలిచి పెడితే చాలు. మీరే తోముకునే ఇల్లయితే మాత్రం రాత్రికే ఓటు. పొద్దున్న టిఫిన్, డబ్బాల హడావుడిలో నిండిన సింకు ముందు నిలబడితే రోజంతా వెనకబడిపోతుంది.

ఈ పద్ధతిలో లోపం కూడా చెప్పుకోవాలి. కొంచెమే కదా అంటూ మొత్తం ఒక్క మనిషి మీద పడుతుంది, ఎక్కువగా ఇల్లాలి మీద. చిన్న పనులు కాబట్టి లెక్కలోకీ రావు, ఎవరూ గుర్తించరు. రోజువారీ పద్ధతి ఎంచుకుంటే పనుల్ని పేరు పేరునా పంచుకోండి. సాయం చేస్తాననే మాట వద్దు, ఈ పని నాది అనే మాట కావాలి. ఎనిమిదేళ్ల పిల్లలు మడతలు పెట్టగలరు, మంచినీళ్ల సీసాలు నింపగలరు.

## ఆదివారం మొత్తం

ఇద్దరూ పొద్దున పోయి రాత్రి వచ్చే ఇళ్లకి, రూముల్లో ఉండే కుర్రాళ్లకి ఇదే దిక్కు. పై నుంచి కిందికి అన్న ఒక్క సూత్రం పాటిస్తే సగం శ్రమ తగ్గుతుంది. ముందు బూజు కర్ర, తర్వాత ఫ్యాన్లు, అల్మారా పైభాగం, కిటికీలు, ఆఖర్న నేల. నేల తుడిచాక ఫ్యాను గుర్తొస్తే మళ్లీ మొదటికొస్తుంది. ఫ్యాను రెక్కకి పాత దిండు గలీబు తొడిగి లాగితే దుమ్మంతా గలీబులోనే ఉండిపోతుంది, మంచం మీద రాలదు.

వారం ఆగగలిగేవి దుప్పట్లు, ఫ్రిజ్ అరలు, మంచం కింద దుమ్ము, అద్దాలు. ఆగలేనివి అంట్లు, తడి చెత్త, బాత్‌రూమ్‌లో నీటి తడి. చెత్త బండి పొద్దున్నే వచ్చిపోయే ఊళ్లో దాన్ని తప్పిస్తే, ఆ తడి చెత్తతో ఇంకో పగలూ రాత్రీ గడపాలి. కాబట్టి ఆదివారం వాళ్లు కూడా రాత్రి వంటగదిని వదలకూడదు.

మీరు ఏ పద్ధతి వాళ్లైనా వారానికోసారి తప్పని పని ఒకటుంది, నిలవ నీళ్లు పారబోయడం. డెంగీ తెచ్చే ఏడిస్ దోమ గుడ్డు నుంచి దోమ అవడానికి సుమారు వారం పది రోజులు పడుతుంది. ఈలోపు ఒక్కసారి నీళ్లు తీసేస్తే వాటిలో ఉన్న దోమ పురుగులన్నీ పోతాయి. 2020లో తెలంగాణలో ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు అని పిలుపునిచ్చింది ఇందుకే. కూలర్, పూలకుండీల కింది పళ్లేలు, ఫ్రిజ్ వెనక ట్రే, డాబా మీద పాత టైరు లాంటివి చూడండి. కూలర్‌ని వంచి పోసేస్తే చాలదు, గోడలకు అంటుకున్న గుడ్లు పోయేలా రుద్దాలి.

ఆదివారం ఊపులో జరిగే ప్రమాదం గురించీ చెప్పాలి. హార్పిక్ లాంటి టాయిలెట్ క్లీనర్లలో హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఉంటుంది. ఇంకా తెల్లగా రావాలని దాని మీద బ్లీచింగ్ పౌడర్ చల్లితే క్లోరిన్ వాయువు వస్తుంది. తలుపేసుకున్న చిన్న బాత్‌రూమ్‌లో అది ఊపిరాడనివ్వదు. ఒకటి వాడితే బాగా కడిగేసి, రెండోది ఇంకో రోజు వాడండి.

సంక్రాంతికి, దసరాకి ఇల్లంతా దులపడం వేరే సంగతి. అది పండగ సరదా, ఇత్తడి సామాన్లకి చింతపండు పట్టించే రోజు. ఏడాదికి రెండుసార్లు చేసేదాన్ని పద్ధతి అనలేం.

## పనిమనిషి

నగరాల్లో చాలామందికి మొదట గుర్తొచ్చే దారి ఇదే. చేసే పనిని బట్టి జీతం మాట్లాడుకుంటారు: ఊడ్చి తుడవడం ఒక లెక్క, అంట్లు ఒక లెక్క, బట్టలు ఇంకొకటి. బాత్‌రూములు, బూజు, ఫ్యాన్లు సాధారణంగా ఇందులో ఉండవు. చేరిన రోజే ఇవి విడివిడిగా మాట్లాడుకుంటే మూడో నెలలో ముఖాలు మాడవు.

నెలకి ఇన్ని సెలవులు జీతంతోనే అని ముందే ఒప్పుకోవడం మేలు. సెలవు ఉందని తెలిస్తే చెప్పి మానేస్తారు, లేకపోతే చెప్పకుండా మానేస్తారు. చెప్పి మానేసిన రోజుకి మీరు సిద్ధంగా ఉండగలరు. యాసిడ్ లాంటివి వాడమని చెప్పేటప్పుడు చేతి తొడుగులు ఇవ్వడం మర్యాద కాదు, బాధ్యత.

పని నాణ్యత సగం మీరిచ్చే సామాన్ల మీదే ఉంటుంది. గదుల్లోని సన్న దుమ్ముకి కొండచీపురు, వాకిలికీ తడి నేలకీ కొబ్బరి ఈనెల చీపురు కావాలి. మన్యం గడ్డితో కట్టే కొండచీపురు కొత్తలో పొట్టు రాలుస్తుంది, డాబా మీద గోడకేసి నాలుగు దెబ్బలు కొట్టాకే లోపలికి తేవాలి. తడిబట్ట బకెట్టు నీళ్లు గదికోసారి మార్చమనండి, అదే నీటితో ఇల్లంతా తుడిస్తే హాల్లోని మురికి పడగ్గదికి చేరినట్టే. ఫినాయిల్ గానీ లైజాల్ గానీ సీసా మీద రాసినంతే పోయాలి. వాసన కోసం ఎక్కువ పోస్తే నేల జిగటగా మారి, అడుగులు పడి ఇంకా మురికిగా కనిపిస్తుంది.

పనిమనిషి రాకముందు ఇల్లు సర్దుకోవడమేమిటని నవ్వేవాళ్లుంటారు. కానీ నేల మీద బొమ్మలు, బ్యాగులు, ఛార్జర్లు పడుంటే ఆమె వాటి చుట్టూ ఊడ్చిపోతుంది. మీరు జీతం ఇచ్చేది పూర్తి నేలకి, తుడిచేది ముప్పాతిక నేలని.

ఈ మధ్య హైదరాబాద్ లాంటి చోట్ల గంట లెక్కన మనిషిని పంపే యాప్‌లు వచ్చాయి. నిత్యం వాడితే ఖర్చు తేలదు. పనిమనిషి ఊరెళ్లినప్పుడు, చుట్టాలు వచ్చి వెళ్లాక పనికొస్తాయి.

## యంత్రాలు

వాషింగ్ మెషిన్‌తో ఎవరికీ పేచీ లేదు. అడిగేది ఎక్కువగా రోబో గురించి, అంటే తనంతట తానే తిరుగుతూ నేల ఊడ్చే యంత్రం గురించి. మన ఇళ్లలో దాని దారికి మొదటి అడ్డం గడప. చాలా రోబోలు దాదాపు రెండు సెంటీమీటర్ల ఎత్తు వరకే ఎక్కుతాయి. గదిగదికీ గడప ఉన్న ఇంట్లో దాన్ని చంకన పెట్టుకుని తిప్పాలి. కొనేముందు టేపు పెట్టి గడప ఎత్తు కొలవండి. పొడుగు వెంట్రుకలు దాని బ్రష్‌కి చుట్టుకుంటాయి, ఛార్జర్ తీగలు నోట్లో పెట్టుకుని ఆగిపోతుంది. దుమ్ము పీలుస్తుంది, తడిబట్టలా పైపైన తుడుస్తుంది. పిల్లాడు పడేసిన పప్పన్నం ఎండిపోయాక దాని వల్ల కాదు. గడపలు లేని ఫ్లాట్, నేల మీద సామాన్లు తక్కువ, దుమ్ము ఎలర్జీ ఉన్న మనిషి, ఈ మూడూ కలిస్తే మాత్రం డబ్బుకి న్యాయం చేస్తుంది.

మామూలు వాక్యూమ్ క్లీనర్ సోఫాలకి, పరుపులకి, కిటికీ చువ్వల సందులకి మంచిది. రోజువారీ ఊడ్పుకి దాన్ని తీసి, తీగ విప్పి, మళ్లీ చుట్టి పెట్టే ఓపిక ఎవరికీ ఉండదు.

డిష్‌వాషర్ మీద నాకు కొంత మెత్తని మనసు ఉంది. అమెరికాలో ఉన్న తెలుగువాళ్ల వంటిళ్లలో అది ఎప్పటినుంచో ఉన్నా, చాలా చోట్ల గిన్నెలు ఆరబెట్టుకునే గూడుగానే మిగిలిపోయింది. ఇక్కడ బోరు నీళ్లకి ప్రత్యేకమైన ఉప్పు వేయాలి. ఇత్తడి, అల్యూమినియం, ఇనుప మూకుళ్లు అందులో పెట్టకూడదు. స్టీలు కంచాలు, గ్లాసులు, గిన్నెలు ఎక్కువుండే ఇంట్లో అంట్ల గొడవ మూడొంతులు తీరుతుంది.

## బట్టల కుర్చీ

ఏ పద్ధతి తీసుకున్నా దాన్ని పాడుచేసేది ఒకటే, ఇంట్లో చోటు లేని వస్తువు. ప్రతి ఇంట్లో ఒక కుర్చీ ఉంటుంది. దండెం మీంచి తెచ్చిన బట్టలు దాని మీద పడతాయి, ఒకసారి తొడిగి ఉతకని చొక్కా దాని చేతికి వేలాడుతుంది, కింద తువ్వాలు. ఆ కుర్చీలో ఎవరూ కూర్చోరు. ఒకసారి తొడిగిన బట్టలకి తలుపు వెనక నాలుగు కొక్కేలు కొట్టించి, ఉతికినవాటిని మనిషికో బుట్టలో వేస్తే కుర్చీ ఖాళీ అవుతుంది. తాళాలకి, ఉత్తరాలకి, చెప్పులకి కూడా ఇలాగే గుమ్మం దగ్గర చోటు చూపించాలి.

## మీ ఇల్లు ఎలాంటిది?

పాకే పిల్లలుంటే నేలే ముఖ్యం. పొద్దున్న పనిమనిషి లేదా మీరు, సాయంత్రం ఇంకోసారి మామూలు నీళ్లతో తుడుపు. ఘాటైన మందులు పిల్లలు ఉండే గదిలో వద్దు. బొమ్మలన్నిటికీ ఒకే పెద్ద టబ్బు పెట్టండి. రకాలవారీగా పెట్టెలు ఫోటోలకి బాగుంటాయి గానీ సాయంత్రం ఆరింటికి ఎవరూ విడదీయరు.

ఇద్దరూ ఉద్యోగాలైతే రాత్రి వంటగది ఒకరిది, పొద్దున్న పక్కలు, బట్టలు ఇంకొకరిది. నేలకి పనిమనిషి. ఆమె వేళ మీ వేళతో కలవకపోతే అప్పుడు రోబో గురించి ఆలోచించండి.

పెద్దవాళ్లిద్దరే ఉంటే లెక్కంతా మారుతుంది. తడినేల మీద జారి పడటమే అన్నిటికన్నా పెద్ద భయం. తుడిచిన గది ఆరేదాకా అటు వెళ్లకుండా, ఫ్యాను వేసి ఉంచాలి. స్టూలెక్కి బూజు దులిపే పని వాళ్లది కాదు. మనిషిని పెట్టుకోవడమే మేలు. పిల్లలు దూరంలో ఉండి డబ్బు పంపుతుంటే, రోబో కన్నా ముందు నమ్మకమైన పనిమనిషి జీతానికి పంపండి.

ఉమ్మడి ఇళ్లలో పనుల్ని పంచితే తగాదా, గదుల్ని పంచితే శాంతం. ఎవరి గది వాళ్లది, వంటిల్లు మాత్రం వారం వారం వంతు.

పెరడు, వాకిలి ఉన్న ఊరి ఇల్లైతే మట్టి కాళ్లతోనే లోపలికొస్తుంది. వెనక గుమ్మం దగ్గర కాళ్లు కడుక్కునే కుళాయి, దాని పక్కన గోనెపట్టా ఉంటే లోపల సగం ఊడ్పు తగ్గుతుంది. ఇక్కడ రోజువారీ పద్ధతే దారి, ఆదివారం దాకా ఆగదు.

ఇంకా తేల్చుకోలేకపోతే ఒక నెలపాటు ఏదీ కొనకండి, ఎవర్నీ పెట్టుకోకండి. రాత్రి వంటగది, దీపాల ముందు హాలు ఊడ్పు మాత్రం ఇద్దరు మనుషులు పంచుకుని చేయండి. నెలాఖరుకి ఏ పని మిగిలిపోతోందో మీకే కనిపిస్తుంది. నేల మిగిలితే మనిషిని మాట్లాడుకోండి, అంట్లు మిగిలితే డిష్‌వాషర్ ధర అడగండి, బట్టలు మిగిలితే వడ్రంగిని పిలిచి కొక్కేలు కొట్టించండి.